తేనెటీగ మీసాలూ, ఇన్‌స్పెక్టరు గారి కోటూ

ఆ గురువారం పొద్దున షాద్లీ పెట్టుకున్న పనులు మొత్తం నాలుగు. ఏడు గంటలకి అత్తగారి దొడ్లోంచి ముప్పై తేనెటీగలు తెచ్చుకోవడం, ఎనిమిదింటికి వాటిని తరగతి గదిలో బల్ల మీద పెట్టడం, తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టరు గారి ముందు పాఠం చెప్పడం, పదింటికల్లా పర్మనెంటు మాస్టారు అయిపోవడం. నాలుగోది తన చేతిలో లేదని అతనికి తెలుసు. మిగతా మూడూ కూడా లేవని తెలియడానికి ఇంకాస్త టైముంది.

నాబుల్ పట్నాన్ని ఆనుకుని, నారింజ తోటల మధ్య ఉన్న ఆ బడిలో షాద్లీ తొమ్మిదేళ్లుగా బదులు మాస్టారు. ఎవరికైనా కాలు విరిగితే, ఎవరైనా పురిటికి వెళితే, వాళ్ల బదులు పాఠం చెప్పే ఉద్యోగం. ఊళ్లో అందరూ క్షేమంగా ఉన్న నెలల్లో అతనికి జీతం ఉండదు. పర్మనెంటు కావాలంటే ఇన్‌స్పెక్టరు ముందు ఒక్క పాఠం చెప్పి నెగ్గాలి. అవకాశాలు మూడే. మొదటిసారి అయస్కాంతం పాఠానికి అయస్కాంతం మర్చిపోయి వెళ్లాడు. రెండోసారి గొంతు పోయింది. ఇది మూడోది. ఇదీ పోతే ఇక బడి గడప తొక్కనక్కర్లేదు, అత్తగారి తేనెపెట్టెలు కడుక్కుంటూ బతకాలి. అల్లుడి కొలత చూసి ఆవిడ చేతితొడుగులు కూడా కొని ఉంచింది. అతని భార్య ఆ తొడుగుల్ని బీరువాలో బట్టల అడుగున దాచింది కానీ, అవి అక్కడున్నాయని షాద్లీకి రోజూ గుర్తొస్తూనే ఉంటుంది.

పాఠం మాత్రం బంగారంలాంటిది. పురుగులు లోకాన్ని ఎలా తెలుసుకుంటాయి? పుస్తకంలో ‘స్పర్శశృంగాలు’ అని ఉంది. ఆ మాట పలకబోయి ముందుబల్ల పిల్లలు ఒకరి మొహాన ఒకరు ఉమ్ముకోవడంతో షాద్లీ దాన్ని ‘మీసాలు’గా మార్చేశాడు. మూడు వారాలపాటు నూరిపోశాడు. తేనెటీగకి ముక్కుండదు, తల మీద రెండు మీసాలుంటాయి. వాసన వాటితోనే, తడమడం వాటితోనే. పట్టు లోపలి చిమ్మచీకట్లో ఎదురైనది తనవాళ్లో పరాయివాళ్లో పోల్చుకోవడం వాటితోనే. పిల్లలు చీమ కనబడితే చాలు, వంగి మీసాలు చూసి ఒకరికొకరు చెప్పుకునేదాకా వచ్చారు.

చెబితే చాలదు కదా, చూపించాలి. అందుకని అత్తగారి తేనెటీగలకి నాలుగు రోజులు పంచదార నీళ్లలో నారింజపూల నీళ్లు కలిపి తాగించాడు. ఆ వాసన వస్తే తిండి ఉన్నట్టేనని వాటికి బాగా అలవాటైంది. ఇవాళ రెండు సాసర్లు పెడతాడు. ఒకదాంట్లో గులాబీ నీళ్లలో తడిపిన దూది, ఒకదాంట్లో నారింజపూల నీళ్లలో తడిపిన దూది. రెండింట్లోనూ తీపి చుక్క కూడా ఉండదు. అయినా ఈగలన్నీ నారింజపూల సాసరు మీదికే వెళ్తాయి. కిటికీ తలుపులు మూసిన గదిలో కంటికి రెండు సాసర్లూ ఒకటే, మీసాలకి మాత్రం వేరు. ముప్పై ఈగలతో పెరట్లో రెండుసార్లు చేసి చూశాడు, రెండుసార్లూ కుదిరింది. దాంతో ఇంట్లో పెద్ద సీసా కాస్తా ఖాళీ అయిపోయింది. అది ఏప్రిల్ నెల, ఊరంతా రాగి బట్టీలు పెట్టి పూలనీళ్లు దించుకునే రోజులు. ఆ రోజుల్లో ఆ ఊళ్లో ఇంట్లో పూలనీళ్లు లేవంటే సముద్రం ఒడ్డున ఉండి ఉప్పు అప్పడిగినట్టే.

ఏడింటికి అత్తగారు మన్నూబియా గుమ్మంలోనే అద్దాల పెట్టె పట్టుకుని నిలబడింది. దాని మీద నల్లగుడ్డ కప్పి ఉంది.

“ముప్పయ్యే కదా అత్తయ్యా?”

“అంతే, అంతే. తీసుకెళ్లు.”

“ఇంత బరువుందేంటి?”

“చెక్క అలాంటిది. గుడ్డ తియ్యకు, వెలుగు పడితే వాటికి చిరాకు. మూడోసారైనా నోరు విప్పి గట్టిగా చెప్పు నాయనా. నీ తొమ్మిదేళ్ల బతుకు చూడలేక నా కూతురికి జుట్టు నెరుస్తోంది.”

మనిషన్నవాడు ఇక్కడ గుడ్డ కొంచెం ఎత్తి చూడాలి. షాద్లీ చూడలేదు. అత్తగారి మాట మీద నమ్మకం వల్ల కాదు, అత్తగారంటే భయం వల్ల.

బడి గేటు దగ్గర ఆయా వసీలా గచ్చు కడుగుతోంది. ఊరందరికీ ఆవిడ పిన్నే. గది తెరిచేది, గంట కొట్టేది, వచ్చిన అతిథి భుజాల మీద పొడుగుమెడ పన్నీరుబుడ్డితో పూలనీళ్లు చిలకరించేది ఆవిడే. ఆ బుడ్డి చూడగానే షాద్లీ ఆగిపోయాడు.

“పిన్నీ, ఇవాళ ఇన్‌స్పెక్టరు గారి మీద పూలనీళ్లు చల్లకు.”

వసీలా చీపురు ఆపేసింది. “చల్లకపోతే ఎలా బాబూ? ఇంటికొచ్చిన మనిషి పొడి భుజాలతో లోపలికి వస్తాడా? శత్రువుకైనా నాలుగు చుక్కలు చల్లుతాం!”

“ఇవాళ వద్దు. గదిలో ఆ వాసనే రాకూడదు. ఎందుకంటే...”

“షాద్లీ!” అని లోపల్నుంచి హెడ్మాస్టరు ముఖ్తార్ కేకేశారు. “పాఠం పేరు రిజిస్టర్లో రాశావా? తొందరగా రా!”

“తర్వాత చెప్తాను పిన్నీ. వద్దంటే వద్దంతే!” అని షాద్లీ పరుగెత్తాడు.

ఆ ‘ఎందుకంటే’ తర్వాతి మాట ఒక్కటి చెప్పి వెళ్లుంటే మనకి ఈ కథ లేదు. వసీలా చీపురు గోడకి ఆనించి ఆలోచించింది. నిన్న రొట్టెల కొట్టు దగ్గర మన్నూబియా ఏమంది? ‘మా అమ్మాయింట్లో పూలనీళ్ల సీసా అడుగంటిందమ్మా, ఎవరికీ చెప్పకు’ అంది. అదీ సంగతి! పాపం, తన పేర పెట్టుకున్న పరీక్షకి తనే సీసా తెచ్చుకోవాలి కదా. ఇంట్లో సీసా లేక, అడగడానికి మొహం చెల్లక, వాసన పడదని సాకు చెప్తున్నాడు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘నేనుండగా నీ పరువు పోనిస్తానా నాయనా’ అనుకుని ఇంటికి పరుగున వెళ్లి, ఆ ఏడాది బట్టీలో మొట్టమొదటి ధార, కూతురి పెళ్లికని దాచుకున్న సీసా, పట్టుకొచ్చింది. వస్తూ వస్తూ హెడ్మాస్టరు చెవిలో కూడా సంగతి ఊదింది.

“అయ్యో! నాతో ఒక్క మాట అనలేదే!” అని ముఖ్తార్ గారు బల్ల సొరుగులోంచి తన సొంత సీసా తీశారు. ఆయన మనసు వెన్న. అలాంటి మనసున్న పెద్దమనిషి ఆఫీసులో ఒకరుంటే చాలు, కిందివాళ్లకి ఇక శత్రువులతో పనుండదు.

ఈలోగా మన్నూబియాకి కూడా ఇంట్లో కాలు నిలవలేదు. కూతురింట్లో సీసా ఖాళీ అన్న సంగతి ఆవిడకంటే బాగా ఎవరికి తెలుసు? ఆవిడా ఓ సీసా కొంగు చాటున పెట్టుకుని బడికి బయల్దేరింది.

ఇవేవీ తెలియని షాద్లీ తరగతి గదిలో నీలిరంగు కిటికీ తలుపులన్నీ మూసి, బల్ల పైనున్న బల్బు వేసి, సాసర్లు సర్ది, పిల్లల్ని ఎక్కడివాళ్లనక్కడ కూర్చోబెట్టాడు. ముందు వరసలో ఒమైమా అనే తొమ్మిదేళ్ల పిల్ల ఉంది. ఏదడిగినా పూర్తి వాక్యంలో చెప్పందే కూర్చోదు. ఆ పిల్లని చూస్తే షాద్లీకి కాస్త ధైర్యం. గేటు దగ్గర నవ్వులు వినబడ్డాయి. అంతా సవ్యంగానే ఉన్నట్టుంది అనుకున్నాడు, తన జీవితంలో ఎప్పుడూ అనుకోనిది.

తలుపు తెరుచుకుంది. ముందు వాసన వచ్చింది. ఆ వెనక ఇన్‌స్పెక్టరు రయూఫ్ గారు వచ్చారు. బూడిదరంగు కోటు, కోటు భుజాలు జేబురుమాలు పిండినంత తడి. ఇరవైకి పన్నెండు మించి మార్కులెవరికీ వెయ్యరని జిల్లా అంతా పేరున్న మనిషి. ఆయన వచ్చి వెనకబల్ల మీద కూర్చోగానే గది గదంతా నారింజ తోట అయిపోయింది.

షాద్లీ గుమ్మం దగ్గర హెడ్మాస్టరు చెయ్యి పట్టుకున్నాడు. “సార్, ఆయన మీద పూలనీళ్లు చల్లారా?”

“నువ్వు ఊరుకోవయ్యా, ఆ సంగతి మేం చూసుకున్నాం. నీ పరువు మా పరువు కాదూ? ఒకటి కాదు, మూడు సీసాలు! మీ అత్తగారైతే కాలర్లోకే పోసేసింది. కాఫీలో కూడా వేయించాను.”

“మూడా!”

“థాంక్సులూ అవీ తర్వాత.”

తొమ్మిదేళ్లు. మూడు అవకాశాలు. బీరువాలో తొడుగులు. షాద్లీ వెనకబల్ల దగ్గరికి నడిచాడు.

“సార్, తమరు ఆ కోటు తీసి బయట పెడతారా?”

“ఎందుకు?”

“ఉక్కగా ఉంటుందేమోనని...”

“మీవాళ్లు నన్ను నిలువునా తడిపారు మాస్టారూ. నాకు చలేస్తోంది. పాఠం మొదలుపెట్టండి.”

“పాఠం మార్చుకోవచ్చాండీ? గుణకారం చెప్తాను. గుణకారం చాలా బాగా చెప్తాను.”

రయూఫ్ గారు రిజిస్టరు తెరిచి చూపించారు. “ఇక్కడ ‘తేనెటీగ మీసాలు, ప్రయోగంతో సహా’ అని మీ చేతిరాతే. మారిస్తే సున్నా. రూలు మీకు తెలుసు.”

సరే, ఎంతైనా ముప్పయ్యేగా అనుకున్నాడు షాద్లీ. ముప్పై ఈగలు ఓ పెద్దమనిషి కోటు మీద వాలి, తిండి లేదని తెలుసుకుని లేచిపోతాయి. అదే ప్రయోగం అని చెప్పేయచ్చు. దేవుడి పేరు తలుచుకుని నల్లగుడ్డ లాగాడు.

పెట్టెలో అద్దం కనబడలేదు. అద్దం నిండా ఈగలే.

“సార్,” అంది ఒమైమా లేచి నిలబడి, “ఇవి ముప్పై కాదు సార్. ఇవి ఇంచుమించు ఒక పట్టు సార్.”

షాద్లీ తలుపు వైపు చూశాడు. సందులోంచి తల పెట్టి చూస్తున్న మన్నూబియా గర్వంగా నవ్వింది. “అంత పెద్ద ఆఫీసరు వస్తుంటే ముప్పయ్యా? చూసినవాళ్లు నవ్వరూ? మా ఇంటి పేరేం కావాలి? ఎనిమిది వందలకి తక్కువుండవు, నా మాట నమ్ము!” అని గుసగుసగానే అంది కానీ, ఆవిడ గుసగుస వీధి చివరిదాకా వినబడుతుంది.

“తెరవండి మాస్టారూ,” అన్నారు వెనకబల్ల నుంచి రయూఫ్ గారు, చేతి గడియారం చూసుకుంటూ.

తెరిచాడు. ఇంకేం చేస్తాడు?

ప్రయోగం అనుకున్నదానికంటే బాగా జరిగింది. గులాబీ నీళ్ల సాసరు మీద ఒక్క ఈగ వాలలేదు. నారింజపూల సాసరు మీద ఓ పదో పన్నెండో వాలి, మీసాలు ఆడించి, ఇంతకంటే మంచి చోటు ఉందన్నట్టు లేచాయి. ఆ తర్వాత మొత్తం మంద గది మధ్యలోంచి పిల్లల తలల మీదుగా, ఎవరినీ తాకకుండా, తిన్నగా వెనకబల్లకి వెళ్లి ఇన్‌స్పెక్టరు గారి భుజాల మీద దిగింది. అన్నిటికంటే ఎక్కువ కాలరు మీద.

“కదలకండి సార్!” షాద్లీ గొంతు కీచుమంది. “అవి కుట్టవు. తిండి వెతుక్కుంటున్నాయి, అంతే. మీసాలతో తడుముతాయి, లేదని తెలిస్తే పోతాయి.”

రయూఫ్ గారు శిలలా కూర్చున్నారు. ఆయన మొహం మాత్రం సున్నం కొట్టినట్టయింది. ఇంకో రెండు నిమిషాలు గడిస్తే ఈగలు విసుగెత్తి లేచిపోయేవే. కానీ గుమ్మంలో వెన్నలాంటి మనసున్న ముఖ్తార్ గారున్నారు. తమ బడికి వచ్చిన అతిథి మీద పురుగు పాకుతుంటే చూస్తూ నిలబడటం ఆయన వంశంలోనే లేదు. “క్షమించాలి సార్!” అంటూ రిజిస్టరు ఎత్తి అతిథి భుజం మీద ఫట్‌మని ఒక్కటి వేశారు.

“అయ్యో, నలిపేశారు!” ఒమైమా బల్ల మీద తల వాల్చేసింది. తేనెటీగలు రేగితే తల దించి కదలకుండా ఉండాలని మన్నూబియా ఏనాడో ఊళ్లో పిల్లలందరికీ నేర్పింది. గదిలో ముప్పై నాలుగు తలలు ఒక్కసారి బల్లలకి అంటుకున్నాయి. ఆ తలల మధ్య నుంచి ఒమైమా గొంతు మాత్రం ఆగలేదు. “సార్, ఇప్పుడు నలిగిన ఈగ నుంచి ఒక వాసన వస్తుంది సార్. అరటిపండు వాసనలా ఉంటుంది. దాన్ని మిగతా ఈగలు మీసాలతో పసిగట్టి ‘ఇక్కడే కుట్టాలి’ అనుకుంటాయి సార్.”

“అమ్మా!” అన్నారు రయూఫ్ గారు.

“అది మెడ మీద సార్. కుట్టిన చోట కూడా అదే వాసన వస్తుంది. అందుకే రెండోది కూడా అక్కడే కుడుతుంది.”

“అబ్బా!”

“అదే సార్ రెండోది.”

షాద్లీ తన ఒంటి చొక్కా విప్పి ఇన్‌స్పెక్టరు తల మీద కప్పబోయాడు. అందులోనూ కాస్త దూది తడి ఉందేమో, ఈగలు చొక్కాని కూడా ఇష్టపడ్డాయి. ముఖ్తార్ గారు రిజిస్టరు మళ్లీ ఎత్తారు. షాద్లీ ఆయన చేతులు పట్టుకుని దాదాపు ఏడుస్తూ అరిచాడు. “మీ కాళ్లు పట్టుకుంటాను సార్! మీరంతా ఒక్క పూట నా మంచి కోరకుండా ఉండలేరా?”

అప్పుడు వసీలా పరుగెత్తుకొచ్చింది. గుమ్మం బయట నిలబడి చూస్తున్న ఆవిడకి జరిగింది స్పష్టంగా అర్థమైంది. అంత పెద్ద ఆఫీసరుకి, అంత సువాసనతో, అందరి కళ్ల ముందు నడిచి వచ్చినందుకు దిష్టి తగిలింది. మట్టి కుంపట్లో నిప్పులు పోసి, ఉప్పూ సాంబ్రాణీ ధూపం దట్టంగా వేసి, ఇన్‌స్పెక్టరు గారి చుట్టూ ఏడుసార్లు తిప్పింది. “పోయిన కళ్లు పోవాలి, వచ్చిన కళ్లు పేలిపోవాలి...” అని గొణుగుతూ ఆయన కాలి దగ్గరే కుంపటి పెట్టేసింది. గది పొగతో నిండిపోయింది. అందరూ దగ్గుతున్నారు. ఈగల రొద మెల్లగా తగ్గింది. మన్నూబియా బాతు ఈక పట్టుకుని లోపలికి వచ్చి, కూనల్ని తోలుకెళ్లినట్టు ఈగల్ని పెట్టెలోకి తోసింది.

“దిష్టి దిగింది!” అంది వసీలా నుదురు తుడుచుకుంటూ.

“అది దిష్టి కాదు పిన్నీ,” అంది ఒమైమా బల్ల మీంచి తల ఎత్తకుండానే. “పొగ పడితే మీసాలు మొద్దుబారతాయి. అరటిపండు వాసన వాటికి తెలీదు. అందుకే ఊరుకున్నాయి.”

హెడ్మాస్టరు గదిలో మన్నూబియా గోటితో ముళ్లు గీకి తీసింది. మొత్తం పదకొండు. షాద్లీ బయట వరండాలో నేల మీద కూలబడ్డాడు. లోపల్నుంచి ‘అబ్బా’ అని వినబడినప్పుడల్లా ఒక మార్కు పోయినట్టు లెక్కపెట్టాడు. పదకొండు దాకా వచ్చి ఆపాడు. తొమ్మిదేళ్లు ఎవరెవరి కాళ్లో విరిగితే బతికాడు. ఇవాళ అందరి కాళ్లూ బాగున్నాయి, తన నడ్డి విరిగింది. ఇంటికి వెళ్లి భార్యకి ఏం చెప్పాలి? ఈసారి ఏడవడానికి కూడా ఆవిడ దగ్గర ఓపిక ఉండదు. అదే అన్నిటికంటే భయంగా ఉంది. నిజానికి అతనికి చచ్చిపోవాలనిపించలేదు, ఉన్నచోటే పడుకుని నిద్రపోవాలనిపించింది.

“లోపలికి రావయ్యా,” అని ముఖ్తార్ గారు పిలిచారు. ఆయన గొంతులో చావుకబురు చల్లగా చెప్పేవాళ్ల మెత్తదనం ఉంది.

రయూఫ్ గారి ఒక కన్ను మూసుకుపోయింది. పై పెదవి కింద పెదవిని కప్పేసింది. రెండో కన్నుతో ఆయన షాద్లీని చాలాసేపు చూశారు.

“మాస్టారూ, ఆ పిల్ల పేరేంటి?”

“ఒమైమా, సార్. చిన్నపిల్ల సార్, దాని మీద కోప్పడకండి. తప్పంతా నాది.”

“ఇరవై ఆరేళ్లుగా వెనకబల్లల మీద కూర్చుంటున్నాను. పిల్లలు కంఠతా పట్టింది అప్పజెబుతారు, నేను పది వేస్తాను. ఇవాళ నాకేం జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో, తర్వాత ఏం జరగబోతోందో ఆ పిల్ల నాకు ముందే చెప్పింది. డాక్టరు కూడా అలా చెప్పడు.” ఆయన పెదవి నొక్కుకుని కాగితం తిప్పారు. “ఒక్క పిల్ల అరవలేదు, పారిపోలేదు. ఈ పాఠం చెప్పింది ఎవరు?”

“నేనే సార్,” అన్నాడు షాద్లీ, నేరం ఒప్పుకుంటున్నట్టు.

రయూఫ్ గారు తను రాసింది ఒంటికన్నుతో, వాచిన పెదవితో ముద్దముద్దగా చదివారు. “‘పాఠం ప్రయోగపూర్వకముగా చూపబడినది. విద్యార్థులకూ, పరీక్షకునికీ సంపూర్ణముగా ఒంటబట్టినది. ఇరవైకి పదిహేడు.’ మీరు ఇవాళ్టి నుంచి పర్మనెంటు.”

వరండాలో వసీలా కేక పెట్టింది. మన్నూబియా గొంతెత్తి ఆనందంతో కూత వేసింది. ముఖ్తార్ గారు అందరికంటే ముందు ఏడ్చారు. షాద్లీకి మాత్రం ఏం చెయ్యాలో తెలియలేదు. సంతోషపడటం అతనికి అలవాటు లేదు, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక ఇన్‌స్పెక్టరు గారి వాచిన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆయన ‘అబ్బా’ అన్నారు.

ఉత్తర్వు ఆగస్టులో వచ్చింది. పర్మనెంటు నిజమే. బడి మాత్రం దేశానికి అటు చివర, దారి అయిపోయి ఇసుక మొదలయ్యే చోట. కింద రయూఫ్ గారి సిఫారసు వంకర అక్షరాల్లో ఉంది: ‘ఇట్టి ఉపాధ్యాయుని అవసరము మారుమూల బాలబాలికలకు మిక్కుటముగా ఉన్నది. ఎంత దూరమైతే అంత మంచిది.’ అది మెచ్చుకోలో, జాగ్రత్తో ముఖ్తార్ గారు కూడా తేల్చలేకపోయారు.

బస్సు దగ్గరికి బడి పిల్లలంతా వచ్చారు. భార్య పక్క సీట్లో మూటలు సర్దుకుంటోంది. ఒమైమా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

“సార్, అక్కడ తేనెటీగలున్నాయా?”

“పూలే లేవంటమ్మా. తేళ్లు మాత్రం బోలెడున్నాయట.”

ఒమైమా పూర్తి వాక్యంలో చెప్పింది. “సార్, తేలు తల మీద మీసాలుండవు సార్.”

షాద్లీ సంచీలోంచి తన పాఠం కాగితాలు తీసి, ఒకసారి చూసుకుని, నాలుగు మడతలు పెట్టి, వాటితో బస్సు సీటు మీది ఇసుక తుడుచుకున్నాడు.